అరకులో ముసురు పడితే

విశాఖపట్నం

చిట్టీ,

శ్రావణంలో మీ అత్తగారితో, పిల్లాడితో అరకు వెళ్తున్నామని చెప్పి, "వాన పడితే ఏం చేస్తాం పెద్దమ్మా?" అన్నావు. శ్రావణంలో అరకు వెళ్తూ వాన పడితే అనడమేమిటే? పడుతుంది. ముందు వాన రోజు సంగతి తేల్చుకో, ఎండ రోజు దాని దారి అది చూసుకుంటుంది.

కొండమీద ముసురు వేరు, జడివాన వేరు. ముసురులో గొడుగేసుకుని తిరగొచ్చు. జడివానకి మాత్రం గదిలోనే ఉండండి. వాన తెరిపిచ్చినా వాగుల దగ్గరికి పోవద్దు. నీ నెత్తిన చినుకు లేకపోయినా పైకొండల్లో కురిసిన నీళ్లు కిందికి వస్తాయి. ఓ ఏడు నేనే మొండికేసి మీ పెదనాన్నని చాపరాయి వాగు దగ్గర బండమీదికి దింపాను. పాచికి కాలు జారి మణికట్టు బెణికింది. మిగిలిన రెండు రోజులూ ఆయనకి అన్నం కలిపిపెట్టడమే నా విహారం.

రైల్లో వెళ్లండి. దారిలో బోలెడు సొరంగాలున్నాయి. మంచు కమ్మి లోయలు కనబడకపోయినా పిల్లాడు సొరంగాలు లెక్కపెట్టుకుంటాడు. వానల్లో ఆ లైనుమీద కొండచరియలు పడి రైళ్లు ఆగిపోవడం మామూలే. బయల్దేరేముందు కనుక్కో. మీ అత్తగారి బీపీ మాత్రలు ఇంకో రెండు రోజులకి సరిపడా అదనంగా పెట్టు.

బొర్రా గుహలు ముసురు రోజుకి బాగుంటాయి. వాననీరు సున్నపురాయిని కొంచెం కొంచెంగా కరిగిస్తూ తొలిచిన గుహలవి. పైనుంచి చుక్క రాలుతుంటే అదెలా జరిగిందో పిల్లాడికి అక్కడే చూపించొచ్చు. కాకపోతే మెట్లు చాలా ఎక్కువ, పైగా తడి. మీ అత్తగారి మోకాళ్లు ఒప్పుకోకపోతే బలవంతపెట్టకు. ఆవిడతో ఒకరు పైనే కూచోండి.

అరకు ఊళ్లో గిరిజన మ్యూజియం, కాఫీ మ్యూజియం ఉన్నాయి. రెండూ చూస్తే ఒక పూట గడిచిపోతుంది. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, వాటికి పాకిన మిరియాల తీగల మధ్య గిరిజన రైతులు పండించే పంట అది. ఆ సంగతి తెలిసి తాగితే కప్పు ఇంకాస్త రుచిగా ఉంటుంది. పద్మాపురం తోట, గాలికొండ వ్యూపాయింట్ తెరిపి కోసం అట్టేపెట్టు. మబ్బు విడితే తింటున్న బొంగు చికెన్ వదిలేసైనా లేవండి, ఆ వెలుతురు అరగంట ఉంటే గొప్ప. చీకటి పడ్డాక మాత్రం ఘాట్ రోడ్డు ఎక్కొద్దు. మంచులో మలుపు కనబడదు.

ఒక పూట ఏమీ పెట్టుకోకు. పేకముక్కలు, కారప్పూస డబ్బా తీసుకెళ్లు. మీ అత్తగారు ఇంట్లో చెప్పని కబుర్లు ఆ వరండాలో చెబుతారు, చూస్తూ ఉండు.

నాకో పావుకిలో కాఫీపొడి తే. తడిబట్టల సంచీలో మాత్రం కుక్కకు.

మీ పెద్దమ్మ