సైనిక స్థావరాల్లో నీరు, ఇంధనం: పేరు చిన్నదే, కొలువు పెద్దది

2021 నవంబరు చివర్లో హవాయి దీవుల్లోని పెర్ల్ హార్బర్ స్థావరం చుట్టుపక్కల సైనిక కుటుంబాలు కుళాయి తిప్పితే నీళ్లు ఇంధనం వాసన కొట్టాయి. పిల్లలకు వాంతులు, పెద్దలకు తలనొప్పి, ఒంటి మీద దద్దుర్లు. దగ్గర్లోని రెడ్‌హిల్ కొండ లోపల అమెరికా నౌకాదళం రెండో ప్రపంచయుద్ధ కాలంలో కట్టిన 20 ఇంధన ట్యాంకులున్నాయి. వాటికి సుమారు వంద అడుగుల దిగువనే ఆ ప్రాంతానికి తాగునీరిచ్చే భూగర్భజలం ఉంది. ఆ ఏడాది మే నెలలో ఇంధనం మళ్లించేటప్పుడు వాల్వులు తిప్పడంలో పొరపాటు జరిగి పైపు జాయింట్లు వదిలేశాయి. బయటపడ్డ ఇంధనంలో దాదాపు 20,000 గ్యాలన్లు అగ్నిమాపక వ్యవస్థకు చెందిన పైపులోకి చేరి ఆరు నెలలు అక్కడే ఉండిపోయింది. ఆ బరువుకు పైపు కిందికి వంగింది. నవంబరు 20న సొరంగంలో తిరిగే చిన్న రైలు బండి ఆ పైపు వాల్వుకు తగిలింది. దాంతో ఇంధనం బావిలోకి దిగింది. సుమారు 93,000 మందికి నీరిచ్చే వ్యవస్థ అది.

ఈ ప్రమాదం గురించి చదివినప్పుడు నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ట్యాంకు లెక్క. పోయిన ఇంధనానికీ, తిరిగి పట్టుకున్న ఇంధనానికీ మే నెలలోనే పొంతన కుదరలేదు. ఆ తేడా ఎక్కడికి పోయిందో చివరిదాకా వెతికినవాళ్లు లేరు. డిప్ టేపు పట్టుకుని ట్యాంకు కొలిచే మనిషి మాటకు ఎంత విలువ ఉండాలో ఇక్కడే తెలుస్తుంది. సైన్యంలో నీరు, ఇంధన వ్యవస్థల నిర్వహణ అనే ఉద్యోగం గురించి మన ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలకు ఎవరూ చెప్పరు. నోటిఫికేషన్‌లో 'పైప్ ఫిట్టర్', 'మేట్' అని కనబడగానే పేజీ తిప్పేసేవాళ్లే ఎక్కువ. తిప్పేయొద్దని చెప్పడానికే ఇదంతా.

అమెరికా వాయుసేనలో ఈ రెండు పనులూ కలిపి ఒకే ట్రేడు. టెక్సాస్‌లోని షెపర్డ్ స్థావరంలో దానికి శిక్షణ ఇస్తారు. అక్కడ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు కూడా సైన్యంలో చేరవచ్చు కాబట్టి అక్కడి తెలుగు కుటుంబాల పిల్లలు ఈ ట్రేడు గురించి వాకబు చేసుకోవచ్చు. మన దేశంలో ఈ పని చాలా చేతుల మధ్య పంచి ఉంది. కంటోన్మెంట్లు, వైమానిక, నౌకా స్థావరాల్లో నీటి సరఫరా, పంప్‌హౌస్‌లు, పైప్‌లైన్లు, మురుగు శుద్ధి పనులను మిలిటరీ ఇంజినీర్ సర్వీసెస్ చూస్తుంది. అందరూ ఎంఈఎస్ అనే పిలుస్తారు. ఇది 1923లో ఏర్పడింది. ఒక స్టేషన్‌లో ఈ పనులకు బాధ్యుడు గ్యారిసన్ ఇంజినీర్. ఆర్మీకి డీజిల్, పెట్రోలు, కందెనలు నిల్వచేసి అందించేది ఆర్మీ సర్వీస్ కోర్. వాయుసేన విమానాల ఇంధనం సరఫరాలో ఇండియన్ ఆయిల్ ఏవియేషన్ స్టేషన్లది పెద్ద పాత్ర. నౌకాదళంలో ఓడ లోపలి ఇంధనాన్నీ, సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంట్లనూ ఇంజినీరింగ్ విభాగం నావికులు చూసుకుంటారు. అందువల్ల ఎవరు ఏ తలుపు తట్టాలన్నది చేతిలో ఉన్న చదువును బట్టి తేలుతుంది.

ఆ సంగతికి వచ్చేముందు పని ఎలా ఉంటుందో కొంచెం దగ్గరగా చూద్దాం.

సైన్యం ఎక్కడో వాగు పక్కన దిగింది. ఆ నీటికి ఎంత బ్లీచింగ్ పౌడర్ కలపాలి? దీనికి మొదటి ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ సైనిక వైద్యుడు హారాక్స్ పేరుతో ఒక పరీక్ష ఉంది. వైద్య విద్యార్థులు ఇప్పటికీ చదువుకుంటారు. పెట్టెలో ఆరు తెల్ల కప్పులు, ఒక నల్ల కప్పు ఉంటాయి. నల్ల కప్పులో రెండు గ్రాముల చెంచాతో సరిగ్గా అంచువరకు బ్లీచింగ్ పౌడర్ వేసి, కొద్దిగా నీళ్లతో ముద్దలా కలిపి, గీత దాకా నీళ్లు పోసి తేరనివ్వాలి. తెల్ల కప్పుల్లో పరీక్షించాల్సిన నీళ్లు పట్టాలి. మొదటి కప్పులో నల్ల కప్పు నీళ్లు ఒక చుక్క, రెండో దానిలో రెండు, అలా ఆరో దానిలో ఆరు చుక్కలు వేసి కలిపి అరగంట ఆగాలి. తర్వాత ఒక్కో కప్పులో మూడు చుక్కల స్టార్చ్ అయోడైడ్ ద్రావణం వేస్తే కొన్ని కప్పులు నీలంగా మారతాయి. ముందుగా మూడో కప్పులో నీలం కనిపించిందనుకుంటే, 455 లీటర్ల నీటికి మూడు చెంచాలు, అంటే ఆరు గ్రాములు వేయాలని అర్థం. చెంచా అంచు దాటి కుప్పగా పోసినా, అరగంట ఆగలేక ఇరవై నిమిషాలకే చూసినా లెక్క తప్పుతుంది. ఆ లెక్కను నమ్మి తాగేది ఒక దళం మొత్తం. స్థిరమైన కంటోన్మెంట్లలో ఇప్పుడు క్లోరినేటర్లు, మీటర్లు ఉన్నా చూడాల్సింది అదే. తాగునీటికి క్లోరిన్ కలిపేచోట కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణం చెబుతోంది. అది పంప్‌హౌస్ దగ్గర సరిపోతే చాలదు, లైను చివరి ఇంట్లోనూ సరిపోవాలి.

ఇక ఇంధనం. విమాన ఇంధనానికి నీరే పెద్ద శత్రువు. ట్యాంకు లోపలి గాలిలోని తేమ రాత్రి చల్లబడి నీటిబొట్లుగా దిగి అడుగున చేరుతుంది. నీరూ ఇంధనమూ కలిసే ఆ పొర మీద బూజులాంటి సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాటి జిగురు ఫిల్టర్లను మూసేస్తుంది, లోహాన్ని తినేస్తుంది. అందుకే ట్యాంకు అడుగు భాగం వాలుగా కడతారు. అట్టడుగు నుంచి శాంపిల్ తీసి గాజు జాడీలో పట్టి చూస్తారు. అది తళతళలాడుతూ, మబ్బు లేకుండా, అడుగున చుక్క నీరు లేకుండా ఉండాలి. కంటికి కనబడని నీటిని చిన్న క్యాప్సూల్ పట్టిస్తుంది. ఇంధనంలో నీరుంటే దాని పసుపు రంగు ఆకుపచ్చగా మారుతుంది. ఫిల్టర్‌కు రెండు వైపులా ఒత్తిడిలో తేడా ఎంతో రోజూ రాసిపెడతారు. ఆ తేడా మెల్లగా పెరుగుతుంటే ఫిల్టర్ మురికి పట్టిందని అర్థం. ఉన్నట్టుండి తగ్గితే కొత్తవాడు సంతోషిస్తాడు, పాతవాడు ఫిల్టర్ లోపల చిరిగిందేమోనని లైను ఆపేస్తాడు. ఈ ఉద్యోగంలో అనుభవం అంటే ఇదే. చలి ప్రాంతాల్లో మరో చిక్కు వస్తుంది. మామూలు డీజిల్ లడఖ్ శీతాకాలంలో గడ్డకడుతుంది. మైనస్ 33 డిగ్రీల దాకా పారే శీతాకాలపు డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ తెచ్చింది 2019 నవంబరులోనే.

ఇప్పుడు తలుపుల సంగతి. డిప్లొమా, బీటెక్ చేసినవాళ్లకు నేరుగా ఉన్న దారి స్టాఫ్ సెలక్షన్ కమిషన్ జూనియర్ ఇంజినీర్ పరీక్ష. ఎంఈఎస్ జేఈ పోస్టులు సివిల్, ఎలక్ట్రికల్, మెకానికల్ వాళ్లకు దీని ద్వారానే వస్తాయి. పేపర్ 1 రెండొందల మార్కులకు, పేపర్ 2 మూడొందల మార్కులకు. ఏడో వేతన సంఘం లెక్కన జీతం లెవెల్ 6, మూల వేతనం రూ.35,400 నుంచి మొదలు. ఇక్కడ చాలామంది చూసుకోని షరతు ఒకటుంది. ఎంఈఎస్ పోస్టుకు బీటెక్ ఉంటే నేరుగా సరిపోతుంది. డిప్లొమా మాత్రమే ఉంటే రెండేళ్ల పని అనుభవం కూడా అడుగుతారు. కాబట్టి పాలిటెక్నిక్ పూర్తయిన రోజు నుంచే చేసే పనికి పక్కాగా అనుభవ ధ్రువపత్రం తీసుకుంటూ ఉండండి. పెద్ద లక్ష్యం పెట్టుకున్న ఇంజినీర్లకు యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్ష ద్వారా ఎంఈఎస్‌లో అధికారి హోదా దొరుకుతుంది.

ఐటీఐ వాళ్లకు ప్లంబర్, ఫిట్టర్, పంప్ ఆపరేటర్ కమ్ మెకానిక్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్, డీజిల్ మెకానిక్ ట్రేడులు దగ్గరివి. నిజం చెప్పాలంటే ఎంఈఎస్‌లో కింది స్థాయి పోస్టుల దారి ఇరుకైంది. 2020 మేలో రక్షణ శాఖ ఎంఈఎస్‌లో 9,304 పోస్టుల రద్దుకు ఆమోదం తెలిపింది. అంతకుముందు శాశ్వత సిబ్బంది చేసిన పనుల్లో చాలా భాగం కాంట్రాక్టర్ల చేతికి వెళుతోంది. మేట్ ఉద్యోగం వస్తే లెవెల్ 1, రూ.18,000 మూల వేతనంతో మొదలవుతుంది. కానీ ఆ ఒక్క నోటిఫికేషన్ కోసమే ఏళ్ల తరబడి కూర్చోమని నేను ఎవరికీ చెప్పను. విశాఖలోని నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్ ఐటీఐ పూర్తిచేసినవాళ్లను పైప్ ఫిట్టర్ సహా ఎన్నో ట్రేడుల్లో తీసుకుంటుంది. ఆ శిక్షణ పూర్తిచేసిన మాజీ అప్రెంటిస్‌లకు తర్వాత నౌకాదళం ట్రేడ్స్‌మన్ స్కిల్డ్ పోస్టులకు పోటీపడే వీలుంటుంది. మన ప్రాంతం ఐటీఐ కుర్రవాడికి నా మొదటి సలహా ఇదే.

యూనిఫామ్ మీద మనసున్నవాళ్లకు అగ్నివీర్ టెక్నికల్ ఉంది. సికింద్రాబాద్, గుంటూరు, విశాఖపట్నం ఆర్మీ రిక్రూటింగ్ కార్యాలయాలు మన రెండు రాష్ట్రాల వాళ్లవి. నాలుగేళ్ల సేవ, చివర్లో 25 శాతం దాకా మాత్రమే కొనసాగింపు. ఈ మాట ఇంట్లో అమ్మానాన్నల ముందు విప్పి చెప్పి, ఆలోచించుకునే దరఖాస్తు చేయాలి. చేరేటప్పుడే 'నాకు ఇంధనం పనే కావాలి' అని అడగడం కుదరదు. ఎవరిని ఏ విభాగానికి పంపాలో సైన్యమే నిర్ణయిస్తుంది. అయితే బెంగళూరు కేంద్రంగా ఉన్న సైనిక ఇంజినీర్ల దళం మద్రాస్ సాపర్స్‌కు గానీ, ఆర్మీ సర్వీస్ కోర్‌కు గానీ వెళితే ఈ పనుల్లోకి వచ్చే అవకాశం ఎక్కువ. ఏ దారిలోనైనా డబ్బు తీసుకుని ఉద్యోగం ఇప్పిస్తానన్న దళారి అబద్ధమాడుతున్నాడు. ఇవన్నీ పరీక్ష, వైద్య పరీక్ష, మెరిట్ మీద నడిచేవే.

ఎవరికి సరిపడుతుందీ పని? ఖాళీ చేసిన ట్యాంకులోకి దిగేముందు ఆక్సిజన్, ఆవిరి కొలిచి, బయట ఒక మనిషిని కాపలా పెట్టి, కాగితం మీద అనుమతి రాయించుకునే ఓపిక ఉన్నవాళ్లకు. 'ఒక్క నిమిషం పనే కదా' అని దిగేవాళ్లకు ఇది ప్రాణాంతకం. మురుగు ట్యాంకుల్లోకి అలా దిగి చనిపోయిన కార్మికుల వార్తలు మన ఊళ్లలో ఎన్ని చూశాం! రంగులు సరిగ్గా గుర్తుపట్టగలగాలి, ఎందుకంటే పరీక్షల్లో చాలావి రంగుల మీదే. రాత్రి రెండింటికి పంపు ఆగితే లేచి వెళ్లాలి. ఎంఈఎస్ జేఈలకు ఈశాన్యం, లడఖ్ లాంటి కష్టమైన స్టేషన్ల బదిలీలు తప్పవు. కుటుంబాన్ని వదిలి ఉండాల్సిన ఆ కాలాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి.

ఈ నైపుణ్యం సైన్యంలోనే ఆగిపోదు. రిఫైనరీలు, పైప్‌లైన్ స్టేషన్లు, విమానాశ్రయాల ఇంధన డిపోలు, నగరాల నీటి బోర్డులు, పరిశ్రమల ఆర్‌ఓ ప్లాంట్లు, అన్నిటికీ ఇదే చేయి కావాలి. విశాఖలో హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, భూగర్భంలో 13.3 లక్షల టన్నుల ముడిచమురు దాచే వ్యూహాత్మక నిల్వ కేంద్రం ఉన్నాయి. అదే ఊళ్లో హిందుస్థాన్ షిప్‌యార్డ్ 2023 ఆగస్టులో కుదిరిన సుమారు రూ.19,000 కోట్ల ఒప్పందంతో నౌకాదళానికి ఐదు ఫ్లీట్ సపోర్ట్ షిప్‌లు కడుతోంది. ఒక్కోటి దాదాపు 44,000 టన్నులు. నడిసముద్రంలో యుద్ధనౌకలకు ఇంధనం, మంచినీరు, ఆయుధాలు, సరుకులు అందించడమే వాటి పని. వాటి కట్టుబడిలోనూ, నీటిలోకి దిగాక నిర్వహణలోనూ పైపులు, పంపులు, వాల్వులు, ఫిల్టర్లు తెలిసిన చేతులకు పని ఉంటుంది.

ఐటీఐ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు ఈలోగా మూడు పనులు చేసుకోవచ్చు. జాతీయ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని ప్రొఫైల్ పూర్తిచేయండి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పేరూ పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయో లేదో సరిచూసుకోండి, తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. మీ మున్సిపాలిటీ పంప్‌హౌస్‌లో అనుమతి అడిగి, క్లోరిన్ ఎలా కొలుస్తారో, లాగ్ పుస్తకం ఎలా రాస్తారో దగ్గరుండి నేర్చుకోండి.