బైక్‌కి ఓబీడీ స్కానర్ కొనాలా? ముందు ఇవి చూసుకోండి

మొన్న వర్షంలో బాగా తడిసిన మర్నాడు నా బైక్ మీటర్‌లో చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. సర్వీస్ సెంటర్‌లో చూసి థ్రాటిల్ బాడీ మార్చాలన్నారు. నాకు డౌట్ వచ్చి ఫ్రెండ్ దగ్గర స్కానర్ తెచ్చి పెట్టా. పీ0122 అని చూపించింది. అంటే థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ సర్క్యూట్‌లో వోల్టేజ్ తక్కువగా ఉందని. గమనించండి, కోడ్ సర్క్యూట్ గురించే చెప్తుంది, పార్ట్ పోయిందని కాదు. కనెక్టర్ ఊడదీస్తే లోపల నీళ్లు! ఆరబెట్టి కోడ్ క్లియర్ చేశా, మళ్లీ రాలేదు.

మరి మీరూ కొనాలా? ఈ నాలుగూ చూడండి.

బండి: 2020 ఏప్రిల్‌లో బీఎస్6తో పాటు కొత్త బైక్‌లకు ఓబీడీ తప్పనిసరి అయింది. పాత కార్బురేటర్ బండికి స్కానర్ దండగ.

కనెక్టర్: కార్లలో 16 పిన్ సాకెట్. చాలా బీఎస్6 బైక్‌లలో 6 పిన్‌ది ఉంటుంది. కన్వర్టర్ కేబుల్ కూడా కావాలి.

ప్రోటోకాల్: బైక్‌ని బట్టి క్యాన్ లేదా కే-లైన్. చౌక ఈఎల్ఎం327 క్లోన్‌లలో కొన్నిటికి కే-లైన్ పనిచేయదు. రిటర్న్ ఆప్షన్ ఉన్నదే తీసుకోండి.

ఏబీఎస్: మామూలు స్కానర్ ఇంజిన్ కోడ్‌లే చదువుతుంది, ఏబీఎస్‌వి కాదు.

నా మాట: సీటు విప్పి వైర్లు చూసుకునే ఓపిక ఉంటే కొనండి. లేదా ఫ్రెండ్స్ కలిసి ఒకటి తీసుకోండి. అదీ వద్దంటే, పార్ట్ మార్చడానికి సరే అనే ముందు "కోడ్ ఎంత వచ్చింది?" అని మెకానిక్‌ని అడగండి. దానికి పైసా ఖర్చు లేదు.