తొలి సైన్యానికి పన్నెండు దళాలు చాలు



చదరంగం మనందరికీ తెలిసిన ఆటే. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం అనే నాలుగు అంగాల సైన్యమే చతురంగం. ఇలాంటిదే మరో ఆట ఉంది. బల్లమీద కొండలు, అడవులు అమర్చి, చిన్న సైనికుల బొమ్మలను స్కేలుతో కొలిచి కదుపుతూ, పాచికలు వేస్తూ ఆడతారు. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే అధికారి, సైనికాధికారుల శిక్షణ కోసం ఇటువంటి ఆటకు నియమాలు ప్రచురించాడు. 1913లో ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 'లిటిల్ వార్స్' అనే పుస్తకంలో బొమ్మ సైనికులతో ఇంట్లో ఆడుకునే పద్ధతి రాశాడు.

నేను చేసిన పొరపాటు

పి.జి. మొదటి సంవత్సరంలో ఒక స్నేహితుని గదిలో ఈ ఆట చూశాను. మర్నాటి నుంచే పెద్ద సైన్యం గురించి కలలు కన్నాను. రెండు నెలలు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో ఒక పెట్టె కొన్నాను. బొమ్మలు అతికించాలి, రంగులు వేయాలి. వాటికి మళ్ళీ డబ్బు కావాలి. పైగా ఒక్క పెట్టెతో సైన్యం పూర్తికాదు. ఆ నెల ఇంటికి పంపుతానన్న డబ్బు పంపలేకపోయాను. నాన్న ఏమీ అనలేదు. ఆ బొమ్మలు ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో రంగులేకుండానే ఉన్నాయి. 'ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం' అన్న సామెత నాకు సరిగ్గా సరిపోయింది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఏ పనైనా ఎక్కడ మొదలుపెట్టాలో అడుగుదామంటే నాకంటే ముందు నడిచినవారు లేరు. మీకు ఆ లోటు ఉండకూడదనే ఈ వ్యాసం.

సైన్యం తయారుచేసే విధానం

1. ముందు నియమాలు, తర్వాతే బొమ్మలు. 1990లో ఇంగ్లండులో ఫిల్ బార్కర్ తదితరులు రూపొందించిన 'డి.బి.ఏ.' నియమాలు కొత్తవారికి అనుకూలం. ఒక్కో పక్షానికి 12 దళాలు మాత్రమే. రెండడుగుల చదరం స్థలం చాలు.

2. ఒక్క సైన్యాన్నే ఎంచుకోండి. ఈ నియమాల జాబితాలో ఏనుగులు, విలుకాళ్ళు ఉన్న ప్రాచీన భారత సైన్యం కూడా ఉంది.

3. పాత నోటుపుస్తకాల అట్టలను కత్తిరించండి. 15 మి.మీ. బొమ్మల కొలత ప్రకారం ప్రతి దళం వెడల్పు 40 మి.మీ. లోతు మాత్రం రకాన్ని బట్టి మారుతుంది. గుర్రపు దళానికి 30, ఏనుగు దళానికి 40 మి.మీ. పైన స్కెచ్‌పెన్నుతో బొమ్మ గీయండి.

4. ఎదుటి సైన్యాన్ని కూడా మీరే చేయండి. మొత్తం 24 అట్టముక్కలు. అప్పుడు ఎవరినైనా పిలిచి ఆడవచ్చు.

5. పది ఆటలు ఆడిన తర్వాత కూడా ఇష్టం తగ్గకపోతే అప్పుడు బొమ్మలు కొనండి. ఒక దళం పూర్తయ్యాకే రెండోది మొదలుపెట్టండి.

ఆటలోని కీలకం

మన వంతులో పాచికపై ఎంత పడితే అన్ని కదలికలే. ఆనుకొని ఉన్న దళాలు కలిసి కదిలితే ఒక్క కదలికే ఖర్చు. చెదిరిపోతే ఒక్కొక్కదానికి ఒక్కొక్కటి. ఎదుటివారికంటే ఎక్కువగా, నాలుగు దళాలు పోగొట్టుకున్నవారు ఓడినట్లే.

మొదటి ఆటలో నేను ఏనుగులనే నమ్ముకొని విడివిడిగా ముందుకు తోలాను. మా రూమ్మేట్ తేలికపాటి ఈటెగాళ్ళను ఎదురు పంపాడు. వాళ్ళ చేతిలో ఓడిన ఏనుగు వెనక్కి తగ్గదు, పూర్తిగా పోతుంది. అర్ధగంటలో ఓడిపోయాను. ఖరీదైన బొమ్మలు నేర్పలేని పాఠం అట్టముక్కలు నేర్పాయి. ఏ దళానికి ఏది విరుగుడో తెలియకుండా సైన్యాన్ని పెంచితే ప్రయోజనం లేదు.

తమ్ముళ్ళూ! చేతిలో ఉన్నదానితో చిన్నదైనా సరే, పూర్తి సైన్యం చేయండి. నా 24 అట్టముక్కలను వార్షికోత్సవానికి తెస్తున్నాను. భోజనాలయ్యాక మెస్ హాల్లో కలుద్దాం. ఏనుగులు మీరే తీసుకోండి.

– మీ అన్న, పూర్వ విద్యార్థి