గోడ పటం చెప్పని దూరం

ప్రియమైన హాస్టల్ తమ్ముళ్ళకు,

గత ఏడాది ఒక ఇంటర్వ్యూలో నాకు ప్రపంచపటం చూపించి, "బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు విమానం దగ్గరి దారి గీయి" అన్నారు. అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటించి స్కేలు పెట్టినట్లు గీత గీశాను. వాళ్ళు నవ్వలేదు గానీ ఉద్యోగమూ రాలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కడినే, ముందుగా చెప్పేవాళ్ళు లేరు. అందుకే మీకు చెబుతున్నాను.

మన గోడ మీది పటం బల్లపరుపు, భూమి గుండ్రం. మెర్కేటర్ పద్ధతి పటంలో నేను గీసిన గీత వెంటే వెళ్తే సుమారు 20,000 కి.మీ. అవుతుంది. భూమి చుట్టుకొలతే 40,000 కదా! ఏ రెండు ఊళ్ళ మధ్యనైనా దగ్గరి దారి అందులో సగం దాటదు. అంటే నేను ఉన్నంతలో చెడ్డ దారి పట్టానన్నమాట.

గోళం మీద దగ్గరి దారి మహావృత్తంలో ఒక ముక్క. భూమి కేంద్రం గుండా కోస్తే అంచున వచ్చే వృత్తమే మహావృత్తం.

మనకు గ్లోబు లేదు, వాలీబాల్ ఉంది. చుట్టుకొలత 66 సెం.మీ. అనుకుందాం. ఒకచోట ఉత్తర ధ్రువం గుర్తు పెట్టండి. అక్కడి నుంచి 16.5 సెం.మీ. దూరంలో చుట్టూ గీస్తే భూమధ్యరేఖ. బెంగళూరు 13 ఉత్తర అక్షాంశం, 78 తూర్పు రేఖాంశం. శాన్‌ఫ్రాన్సిస్కో 38 ఉత్తరం, 122 పశ్చిమం. 78, 122 కలిపితే 200. అటువైపు నుంచి చూస్తే 160 డిగ్రీలే. కాబట్టి భూమధ్యరేఖ మీద 29.3 సెం.మీ. ఎడంగా రెండు చుక్కలు పెట్టి, ధ్రువం నుంచి వాటికి గీతలు గీయండి. ఒక గీత మీద ధ్రువం నుంచి 14.1 సెం.మీ. దగ్గర బెంగళూరు, రెండోదాని మీద 9.5 దగ్గర శాన్‌ఫ్రాన్సిస్కో. ఇప్పుడు దారం బిగించి పట్టుకోండి. 23 సెం.మీ. వస్తుంది. 23ను 66తో భాగించి 40,000తో గుణిస్తే దాదాపు 14,000 కి.మీ.

దారం ఎటు పోయిందో చూశారా? పడమరకు కాదు, ఉత్తరానికి! మన నల్గొండ జిల్లా, నేపాల్, టిబెట్, సైబీరియా, అలాస్కా. నాకు ఇదే ఎక్కువ ఆశ్చర్యం.

సరిగ్గా ధ్రువం మీదుగా పోయినా 77, 52 కలిపి 129 డిగ్రీలు. డిగ్రీకి 111 కి.మీ. చొప్పున సుమారు 14,300. తేడా స్వల్పం. 2021 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్ బృందం, అందరూ మహిళా పైలట్లే, ధ్రువ ప్రాంతం మీదుగా నడిపి 11న తెల్లవారుజామున బెంగళూరులో దించింది. గాలివాటం కలిసొస్తే కొంచెం చుట్టుదారే ఇంధనం ఆదా చేస్తుంది. అందుకే పైలట్ రోజూ ఒకే గీత మీద నడపడు.

ఇక మీ వంతు. హైదరాబాద్ 17 ఉత్తరం, 78 తూర్పు. లండన్ 51.5 ఉత్తరం, రేఖాంశం సున్నా. జవాబు సుమారు 7,700 కి.మీ., దారం 12.7 సెం.మీ. దగ్గర రావాలి. రాకపోతే ముందు బంతిలో గాలి ఉందో లేదో చూడండి.