రెండు వందల దుంగలు



చిత్రం అంటే గోడకు తగిలించి చూసేది అనుకుంటాం. ఇంకో రకం కూడా ఉంది. వస్తువులను ఒకచోట అమర్చి పెడతారు. వాటి మధ్యలో నడుస్తూ చూడాలి. దీన్ని ఇన్‌స్టలేషన్ అంటారు. అలాంటిది ఒకటి ఆస్ట్రేలియా దేశంలో, కాన్‌బెర్రా నగరంలోని నేషనల్ గ్యాలరీలో ఉంది. దాని పేరు అబోరిజినల్ మెమోరియల్, అంటే అక్కడి ఆదివాసుల స్మారకం.

ఎందుకు చేశారు?

1788 జనవరి 26న ఆర్థర్ ఫిలిప్ అనే కెప్టెన్ సిడ్నీలో బ్రిటిష్ జెండా ఎగరేశాడు. 11 ఓడల్లో ఖైదీలను, సైనికులను తెచ్చి దించారు. అక్కడ వేల ఏళ్ల నుంచి జనం ఉన్నారు. అయినా తెల్లవాళ్లు దాన్ని ఎవరిదీ కాని నేలగా లెక్క కట్టారు. అడ్డం నిలబడినవాళ్లను కాల్చి చంపారు. కొత్త రోగాలతో ఇంకా ఎంతోమంది చచ్చిపోయారు. ఆ లెక్క తప్పని ఆ దేశపు పెద్ద కోర్టు 1992లో గానీ చెప్పలేదు.

1988లో 200 ఏళ్లు నిండాయని దేశమంతా పెద్ద పండుగ చేశారు. నేల పోగొట్టుకున్నోళ్లకు అది పండుగ ఎట్లా అవుతుంది? జాన్ మండైన్ అనే ఆదివాసీ అప్పుడు ఉత్తరాన రామింగినింగ్ అనే ఊళ్లో చిత్రకారులతో పనిచేసేవాడు. ఏడాదికి ఒకటి చొప్పున 200 దుంగలు నిలబెట్టాలనేది ఆయన ఆలోచన. 43 మంది చిత్రకారులు వాటిని తయారు చేశారు.

ఎట్లా చేశారు?

చెదలు లోపల తినేసి డొల్లగా అయిన చెట్లను కొట్టి తెచ్చారు. ఎర్రమట్టి, పసుపుమట్టి, తెల్లమట్టి, బొగ్గుతో ఒక్కో వంశంవాళ్లు తమ గుర్తులు గీశారు. అక్కడ మనిషి చనిపోయిన కొంతకాలానికి ఎముకలు తీసి, ఎర్రమట్టి పూసి, ఇలాంటి దుంగలో పెట్టి, ఆటపాటలతో నిలబెట్టేవాళ్లు. చాలా దుంగలకు పైన చిన్న కన్నం ఉంటుంది. ఆత్మ అందులోంచి తన నేలను చూసుకుంటుందని నమ్మకం.

ఈ 200 దుంగల్లో ఎముకలు లేవు. నేల కోసం చచ్చిపోయి, దినాలు కూడా జరగనోళ్లందరికీ కలిపి చేసిన దినం ఇది.

దుంగల మధ్య ఒక దారి ఉంది. అది అక్కడి గ్లైడ్ నదికి గుర్తు. నది పక్కన ఏ వంశం నేల ఎక్కడుందో, ఆ వంశం దుంగలు అక్కడే నిలబెట్టారు. ఎవరిదీ కాని నేల అన్నమాటకు జవాబు అదే. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

మన సంగతి

మా కోయోళ్లం కూడా చనిపోయిన పెద్దలకు రాయి నిలబెడతాం. 1922 నుంచి 1924 వరకు మన్యంలో జరిగిన పోరాటం మనం చదువుకున్నాం. అల్లూరి సీతారామరాజుకు ఊరూరా విగ్రహాలున్నాయి. గాం గంటం దొర, మల్లు దొర పేర్లు కొందరికి తెలుసు. వాళ్ల వెంట నడిచిన మిగతావాళ్ల పేర్లు ఎవరికి తెలుసు?

మీరు చెయ్యాల్సిన పని

సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఊళ్లో ముసలోళ్లను అడగండి. రాళ్లు ఎవరెవరివి, వాళ్లు ఎట్లా చనిపోయారు, ఎవరికి రాయి లేదు అని రాసుకు రండి. ఆ పేర్లన్నీ వచ్చే గోడపత్రికలో పెద్ద అక్షరాలతో రాద్దాం.