ప్రశ్నలు - జవాబులు: ఆ కథ ఏ కాలమునాటిది?

ప్రశ్న: మా అన్నగారును నేనును చిన్ననాటినుండి ‘స్టార్ ట్రెక్’ కథలను కలిసి చూచినవారము. క్రొత్త ధారావాహిక రానున్నదని తెలిసినప్పుడెల్ల, అది ఏ సంవత్సరమున జరుగునో యని మా యింట వాదము రేగును. ‘డిస్కవరీ’ వచ్చునప్పుడు అందలి అంతరిక్షపు ఓడపై సంఖ్యనుబట్టి నేనొకటి చెప్పగా, ఆకారమునుబట్టి అన్నగారు మరియొకటి చెప్పిరి. రెండు దినములు మా నడుమ మాటలు లేవు. ఇట్టి యూహలకు ప్రమాణమేది?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరము

జవాబు: మీ వాదము వ్యర్థమని నేననను. తేదీ లేని శిలాశాసనము దొరకినప్పుడు అక్షరముల వంపులను, తలకట్లను పరిశీలించి శతాబ్దమును నిర్ణయించు పండితుని పనికి, తెరపై క్షణకాలము మెరసిన వస్తువునుండి కథాకాలమును ఊహించుట దగ్గరి చుట్టమే. 2016 జులైలో శాన్ డియేగో కామిక్ కాన్‌లో ఆ ఓడను తొలిసారి చూపినప్పుడు కథాకాలము వెల్లడి కాలేదు. కనుపించినది ఎన్‌సీసీ-1031 అను సంఖ్య. తొలి ధారావాహికలో కెప్టెన్ కిర్క్ నడపిన ఎంటర్‌ప్రైజ్ సంఖ్య 1701 గనుక, చిన్న సంఖ్య గలది ముందు పుట్టిన ఓడయై యుండునని మీవలెనే పలువురు తలచిరి. ఆరవ చలనచిత్రమునకును ‘నెక్స్ట్ జనరేషన్’ అను తరువాతి ధారావాహికకును నడిమి ఖాళీలో ఈ కథను ఇమిడ్చినవారును కలరు. ఇక ఆకారమందురా, అది 1970లలో నిర్మాణమునకు నోచుకొనని యొక చలనచిత్రమునకై రాల్ఫ్ మెక్‌క్వారీ గీసిన చిత్రములను పోలియున్నది. అనగా అది చిత్రకారుని కాలమును తెలుపునేగాని కథాకాలమును తెలుపజాలదు. ఆగస్టులో ‘డిస్కవరీ’ సృష్టికర్తలలో ఒకరైన బ్రయన్ ఫుల్లర్, ఇది కిర్క్ యాత్రలకు పదేండ్ల ముందటి కథయని ప్రకటించుటతో మీ పక్షము గెలిచినది.

అయినను, తమ్ముడా, నీ హేతువు నీవనుకొన్నంత దృఢము కాదు. 1967లో ప్రసారమైన ‘ది డూమ్స్‌డే మెషిన్’ అను కథలో కాన్‌స్టెలేషన్ అను భగ్ననౌక కనుపించును. అది ఎంటర్‌ప్రైజ్ తరగతికే చెందినదైనను దాని సంఖ్య 1017! బజారులో దొరకు ప్లాస్టిక్ నమూనా ఓడను తెచ్చి, దానితో వచ్చిన 1, 7, 0, 1 అను అంటింపు అంకెలనే తారుమారు చేసి అతికించిరి. ఆ సంఖ్య వెనుక ఓడ వయస్సు లేదు. చేతనున్న అంకెలతోనే పని గడుపుకొనవలసిన పనివాని అవసరము మాత్రమే కలదు. 1017 సంఖ్య గల ఓడ కిర్క్ కాలమున సంచరింపగా, 1031 సంఖ్య గలది మాత్రము ఆ కాలమున ఏల యుండరాదు? కావున ఏ ఆధారము కనుపించినను, దీనిని అచ్చట నిలిపినదెవరు, ఎందులకని ముందుగా అడుగవలెను.

ప్రశ్న: ఆ కథలలో చెప్పు ‘స్టార్‌డేట్’ నుండి సంవత్సరమును లెక్కింపరాదా?
— ఒక విద్యార్థిని, వరంగల్లు

జవాబు: తొలి ధారావాహికకు సంబంధించినంతవరకు పొరపాటున కూడ ప్రయత్నింపవలదు. సంవత్సరము చెప్పకుండ తప్పించుకొనుటకే రచయితలు ఆ అంకెలను కల్పించిరి. 1967 జనవరిలో రెండు వారముల ఎడముతో ప్రసారమైన రెండు కథలను చూడుము. ‘ది స్క్వైర్ ఆఫ్ గోథోస్’లో ట్రెలేన్ అను పాత్ర చూచుచున్నది తొమ్మిదివందల ఏండ్ల నాటి భూలోకమని చెప్పి, నెపోలియన్ కాలపు వేషభాషలను చూపుటచే కథ ఇరువదియెనిమిదవ శతాబ్దమునకు పోవును. ‘టుమారో ఈజ్ యెస్టర్‌డే’లో, రెండువందల ఏండ్లు చెరలో పెట్టుదునన్న ఇరువదవ శతాబ్దపు సైనికాధికారికి, అది ఇంచుమించు సరిపోవునని కిర్క్ ఇచ్చిన సమాధానమునుబట్టి ఇరువదిరెండవ శతాబ్దమునకు తిరిగివచ్చును! 1982 నాటి చలనచిత్రము తొలిసారిగా ఇరువదిమూడవ శతాబ్దమని తెరపై వ్రాసి చూపెను. 1988లో ‘నెక్స్ట్ జనరేషన్’ తన సంవత్సరము 2364 అని పలికెను. ఆ పిదపనే, 1993లో ప్రకటితమైన కాలక్రమగ్రంథము, తొలి కథల ప్రసారసంవత్సరమునకు మూడువందలు కూడి కిర్క్ యాత్రలను 2260లలో నిలిపినది. అనగా, నేడు మనము ధ్రువమని పట్టుకొన్న తేదీలు తరువాతి తరమువారు కూర్చి యిచ్చినవే.

మరల ఆ అన్నదమ్ములకు ఒక మాట. ‘డిస్కవరీ’ 2256లో ఆరంభమైనదని స్థిరపరచుకొన్నవారందరిని రెండవ భాగాంతమున ఆ ఓడ విడిచి, దాదాపు 930 ఏండ్లు ముందునకు ఎగసిపోయినది. మరియొక ధారావాహిక వచ్చునప్పుడు మీరిరువురును మీ సంవత్సరమును, దానితోబాటు హేతువును, చెరియొక కాగితముపై వ్రాసి అమ్మగారి చేతికిండు. మొదటి కథ ముగిసిన రాత్రి వానిని విప్పి, ముందుగా హేతువులనే చదువుడు.