సైకిలు పందెం – శరీర భారం

ఒకప్పుడు మన ఇండ్లలో సైకిలు అనగా ఆఫీసుకు, అంగడికి పోవుటకు వాడే బండి. నేడు అది వ్యాయామ సాధనం, పోటీ సాధనం కూడ అయినది. తెల్లవారుజామున తలపై హెల్మెట్టు ధరించి నగర శివార్లలో బారులు తీరి పోయే యువతీయువకులను పాఠకులు చూచియే ఉందురు. వారిలో పోటీలకు సిద్ధమయ్యేవారిని ఒక ఆలోచన విడువక పట్టుకొని ఉంటున్నది: “ఇంకొక్క కిలో తగ్గితే నా వేగం పెరుగుతుంది.” ఆ కిలో కొరకు రాత్రి భోజనం మానినవారు, అన్నం ముట్టనివారు, పందెం ముందురోజు మంచినీళ్ళు సైతం కొలిచి త్రాగేవారు నాకు తెలుసు. పిల్లవాడు వ్యాయామం చేస్తున్నాడు, మంచిదే గదా అని తల్లిదండ్రులు ఊరకుంటారు. ఈ నమ్మకంలో సత్యమెంత, దానికి శరీరం చెల్లించే మూల్యమెంత అన్నది ఇక్కడ విచారింతము.

కొండపై ఒక లెక్క, చదును నేలపై వేరొక లెక్క

సత్యం కొంత ఉన్నది. సైకిలు తొక్కేవానికి అడ్డు నిలిచేవి మూడు: ఎదురుగాలి, నేల రాపిడి, భూమ్యాకర్షణ. ఎత్తు ఎక్కునప్పుడు మూడవదే ప్రధానం. అలిపిరి మెట్ల దారిన తిరుమలకు నడిచి వెళ్ళినవారికి ఇది చెప్పనక్కరలేదు. బయలుదేరినప్పుడు తేలికగా తోచిన చేతిసంచి గాలిగోపురం చేరేసరికి ఎంత బరువగునో వారెరుగుదురు.

ఫ్రాన్సు దేశంలో 1903 నుండి జరుగుతున్న ‘టూర్ ద ఫ్రాన్స్’ పందెంలో ఆల్ప్ దుయెజ్ అనే కొండదారి ప్రసిద్ధం. పొడవు సుమారు 13.8 కిలోమీటర్లు, 21 మలుపులు, ప్రతి వంద అడుగులకు సగటున ఎనిమిది అడుగుల ఎత్తు. 70 కిలోల పందెగాడు, సైకిలూ దుస్తులూ కలిసి 8 కిలోలు, మొత్తం 78 కిలోల భారం ఆ కొండను 45 నిమిషాలలో ఎక్కుతున్నదనుకొందము. కాళ్ళ బలం ఏమాత్రం తగ్గకుండ ఒక కిలో తగ్గినచో అతడు ఇంచుమించు అర నిమిషం ముందుగా చేరును. అర నిమిషమేనా అనవద్దు. 1989లో అమెరికా దేశస్థుడు గ్రెగ్ లెమాండ్ మూడు వారాలకు పైగా సాగిన ఆ పందెమంతటినీ కేవలం 8 సెకన్ల తేడాతో గెలిచాడు. కాబట్టి పందెగాండ్రు కిలో కొరకు తపించుట అర్థం లేని పని కాదు.

చదును నేలపై లెక్క తారుమారగును. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో శ్రమలో అత్యధిక భాగం గాలిని చీల్చుటకే ఖర్చగును. అక్కడ ఒక కిలో తగ్గుట వలన గంట ప్రయాణంలో కలిసి వచ్చేది సుమారు రెండు సెకన్లు. అదే మనిషి వీపు వంచి, మోచేతులు దగ్గరకు చేర్చి కూర్చున్నచో అంతకు ఎన్నో రెట్లు లాభం, ఒక పూట అన్నం మాననవసరం లేకుండ. మన పట్టణాలలో జరిగే పోటీలు అధికభాగం చదును దారులపైననే గదా! ఆ పోటీల కొరకు పస్తుండుట ఏ లెక్కకూ అందదు.

1991 నుండి 1995 వరకు వరుసగా ఐదుసార్లు టూర్ గెలిచిన స్పెయిన్ దేశస్థుడు మిగెల్ ఇందురైన్ సుమారు 80 కిలోల భారీ మనిషి. 1998లో గెలిచిన ఇటలీ దేశస్థుడు మార్కో పంతాని సుమారు 57 కిలోలు. మొదటివానికి ఒంటరిగా గడియారంతో పోటీపడే చదును దారులు బలం, రెండవవానికి కొండలు బలం. త్రాసు ఒక్కటే విజేతను నిర్ణయించేదైతే ఈ ఇద్దరి పేర్లూ ఒకే జాబితాలో ఉండవు.

తగ్గినది ఏమిటి?

వైద్యునిగా నేను అడిగే మొదటి ప్రశ్న ఇది. కిలో తగ్గినదని త్రాసు చెప్పును. తగ్గినది నీరా, మాంసమా, మేదస్సా అన్నది అది చెప్పదు. మేము చదువుకొన్న గురుకులంలో ఓషధులు తూచే చిన్న తక్కెడ తప్ప వేరు త్రాసు లేదు. భుజం కండ పట్టి, పొట్ట చర్మం మడిచి, గోళ్ళు, కళ్ళు చూచి నిర్ణయించేవారము. నేటికీ ఆ చూపు అవసరమే.

అన్నం మానిన మొదటి మూడు నాలుగు రోజులలో తగ్గేది అధికభాగం నీరు. కండరాలలో, కాలేయంలో దాచుకొన్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం సుమారు నాలుగైదు వందల గ్రాములుండును. దాని ప్రతి గ్రాము తనతో సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచును. ఆ నిల్వ ఖాళీ అయితే ఒకటి రెండు కిలోలు ఇట్టే పోవును. కాని అది పందెంలో మండవలసిన ఇంధనం! బండి తేలికగుటకు పెట్రోలు పారబోసినట్లే. ఇక నీళ్ళు మాని బరువు తగ్గించుకొనేవాడు ఎండలో తన బలాన్ని తానే ఆర్పుకొంటున్నాడు. శరీర భారంలో నూటికి రెండు వంతుల నీరు పోతే చాలు, ఎండలో దీర్ఘకాలం తొక్కే సామర్థ్యం సడలును.

సక్రమంగా తగ్గుటకు దృష్టాంతం బ్రిటన్ పందెగాడు క్రిస్ ఫ్రూమ్. ఇతడు టూర్‌ను నాలుగుసార్లు గెలిచాడు. 2007లో స్విట్జర్లాండులో పరీక్షించినప్పుడు అతని బరువు 75.6 కిలోలు, శరీరంలో కొవ్వు నూటికి 16.9 వంతులు. 2015లో తిరిగి పరీక్షించగా బరువు 69.9, కొవ్వు 9.8 వంతులు. దీర్ఘసమయం నిలుపగలిగిన శక్తి రెండుసార్లూ సుమారు 420 వాట్లే. గుణించి చూడండి: తగ్గిన 5.7 కిలోలూ దాదాపుగా కొవ్వే. బలం చెక్కుచెదరలేదు, మోయవలసిన భారం తగ్గినది. అయితే ఆ రెండు పరీక్షల నడుమ గడిచినది ఎనిమిది సంవత్సరాలు. వెనుక వైద్యులు, శిక్షకులు, వంటవారితో కూడిన దళమున్నది. మన పిల్లవాడు ఎనిమిది వారాలలో, హాస్టలు భోజనంతో, ఎవరికీ చెప్పకుండ చేయబోయేది ఇదే.

అదే దేశానికి చెందిన బ్రాడ్లీ విగ్గిన్స్ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో చదునైన వెలోడ్రోమ్‌పై రెండు స్వర్ణాలు గెలిచాడు. తరువాత కొండల కొరకు బాగా చిక్కి 2012లో టూర్ గెలిచాడు. 2016 రియో ఒలింపిక్స్ కొరకు తిరిగి వెలోడ్రోమ్‌కు వచ్చినప్పుడు కోరి కండను, బరువును పెంచుకొని మరల స్వర్ణం పొందాడు. దారి మారితే తగిన బరువు మారునని ఇంతకంటె స్పష్టంగా చెప్పనక్కరలేదు.

విజేతల కథలన్నీ నమ్మదగినవి కావు. కేన్సరు తరువాత బరువు తగ్గుట వలననే లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ కొండలపై అజేయుడయ్యాడని ఒకనాడు లోకమంతా చెప్పుకొన్నది. 2012లో అతని ఏడు టూర్ విజయాలూ రద్దయినవి. నిషిద్ధ ఔషధాలు వాడినట్లు 2013 జనవరిలో అతడే అంగీకరించాడు.

ఐదు లంఘనాలు ఒక్కసారిగా

చరక సంహిత సూత్రస్థానం ఇరువది రెండవ అధ్యాయంలో శరీరాన్ని తేలికపరచే లంఘనం పది విధాలుగా చెప్పబడినది. వాటిలో నాలుగు శోధనకర్మలు, ఒకటి పాచనం. తక్కినవి దప్పిక ఓర్చుట, గాలి, ఎండ, ఉపవాసం, వ్యాయామం. సైకిలు పందెగాని దినచర్యను ఈ ఐదింటి ప్రక్కన ఉంచి చూడండి. గంటల తరబడి వ్యాయామం, నెత్తిన ఎండ, ముఖాన గాలి, తీరని దప్పిక. నాలుగు లంఘనాలు అతని వృత్తిలోనే ఉన్నవి. వాటికి తోడు ఉపవాసం కూడ చేర్చినచో ఐదింటినీ ఒక్కసారిగా చేసినట్లగును. మేము రోగికైనను బలం చూడకుండ ఇట్లు విధించము.

లంఘనం మితిమీరినచో కీళ్ళు విరుగుతున్నట్లు నొప్పి, ఒళ్ళునొప్పులు, నోరెండుట, ఆకలి చచ్చుట, అరుచి, మనస్సు కలవరపడుట, జఠరాగ్ని, బలం క్షీణించుట కలుగునని అక్కడనే చెప్పియున్నారు. సైకిళ్ళు లేని కాలపు మాట అది. ఐనను అతిగా సాధన చేసి తక్కువగా తినే పందెగాడు నా ఎదుట కూర్చుండి చెప్పుకొనే బాధలు ఇంచుమించు ఇవే.

2014లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం ఇటువంటి స్థితికే ‘రెడ్-ఎస్’ అని పేరు పెట్టినది. చేసే శ్రమకు తగిన ఆహారం చాలక స్త్రీలలో ఋతుక్రమం ఆగుట, పురుషులలో పురుష హార్మోను తగ్గుట, ఎముకలు పలుచబడుట దాని లక్షణాలు. సైకిలు పందెగాండ్రకు ఎముకల విషయంలో ముప్పు మరింత ఎక్కువ. పరుగెత్తేవాని ఎముకకు నేల తాకిడి తగిలి అది గట్టిపడును. జీనుపై కూర్చున్నవానికి ఆ తాకిడి లేదు. యువకులైన పందెగాండ్రలో సైతం వెన్నెముక సాంద్రత తక్కువగా ఉండుట వైద్యులు గుర్తించారు. మేదోధాతువు యొక్క పనులలో స్నిగ్ధత, స్వేదం, దృఢత్వంతో పాటు అస్థిపోషణను కూడ సుశ్రుతుడు చెప్పాడు. ధాతుక్రమంలో మేదస్సు తరువాతిది అస్థి, ఆపై మజ్జ, శుక్రం. రెండు శాస్త్రాల భాష వేరు, పద్ధతి వేరు. ఒకటే అని నేననను. పొట్టను మాడ్చినచో దెబ్బ తగిలేది ఎముకకు, సంతానశక్తికి అన్న హెచ్చరిక మాత్రం రెండింటిలోనూ ఉన్నది.

ఏమి చేయవలెను?

నిజంగా అదనపు కొవ్వు ఉన్న పెద్దవారు, కొండదారుల పోటీలో పాల్గొనేవారు తగ్గవచ్చును. పోటీలు లేని మాసాలలో ప్రారంభించి వారానికి అర కిలోకు మించకుండ తగ్గవలెను. స్వీట్లు, నూనెలో వేచిన చిరుతిండ్లు, చక్కెర కాఫీలు తగ్గించి, పప్పు, పెసలు, ఉలవలు, మజ్జిగ, కూరలు పెంచవలెను. మాంసాహారులు గ్రుడ్లు, చేపలు తీసుకొనవచ్చును. వారం వారం అదే కొండ ఎక్కి సమయం చూచుకొనవలెను. బరువు తగ్గుతున్నా సమయం పెరుగుతున్నచో తగ్గుతున్నది కండ అని గ్రహించి ఆపవలెను. పందెమునకు ముందు వారంలో బరువు తగ్గించు ప్రయత్నమే కూడదు.

స్థౌల్య చికిత్సలోని త్రిఫల, తేనెనీళ్ళు, యవల ఆహారం స్థూలకాయులకు చెప్పినవి. నూనె చుక్క లేని దీపం వంటి పందెగానికి అవి పనికిరావు. విరేచనపు మాత్రలు వేసుకొనుట మరింత ప్రమాదం.

సాధన రోజున అన్నం మానరాదు. గంటన్నరకు మించి తొక్కేవారికి దారిలో గంటకు 30 నుండి 60 గ్రాముల పిండిపదార్థం కావలెను. మధ్యరకం అరటిపండు ఒకటి సుమారు 25 గ్రాములిచ్చును. ఖర్జూరాలు, బెల్లం పానకం కూడ పనికివచ్చును. తిరిగి వచ్చిన వెంటనే ఉప్పు వేసిన మజ్జిగ, రాగిజావ, ఆపై పప్పన్నం పెట్టండి.

పద్దెనిమిది ఏండ్లు నిండనివారి విషయంలో నా మాట నిష్కర్ష. ఎముక కట్టుకొనే వయస్సులో పందెం కొరకు ఒక్క కిలో కూడ తగ్గించరాదు. ఆడపిల్లకు మూడు నెలలు ఋతువు రాకున్నను, మగపిల్లవాడు ఎప్పుడూ చలి అంటూ, చిన్న దెబ్బకే ఎముక విరుగుతూ, నిద్రపట్టక విసుగుతూ ఉన్నను సైకిలును గోడకు ఆనించి వైద్యునికి చూపండి. రక్తపరీక్షతో పాటు ఎముక సాంద్రత పరీక్ష కూడ చేయించమని అడగండి. బరువు చూచే యంత్రాన్ని ఆ గది నుండి తీసివేయండి.